పదకొండో తెప్ప సాక్షి చేపలు

సోమవారం

ఇవాళ కూడా "తేట" అని కేక వేశాను. కాకపోతే వేసేముందు చాలాసేపు పట్టింది. బిందెల వరసలో ముందున్నవాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు.

ఈ దినచర్య చదివేది నీళ్ళాఫీసులో కొత్తగా చేరినవాళ్ళయితే మా సంగతి తెలియకపోవచ్చు, చెప్తాను. సముద్రం లోపలికి వచ్చాక కొల్లేరు మొత్తం ఉప్పునీళ్ళయింది. దాని మీద తేలే తెప్పల్లో మాది పదకొండోది. తాగే నీళ్ళు గట్టు మీది నుంచి గొట్టంలో వస్తాయి, తెప్పకొక గొట్టం. ఆ గొట్టం తెప్ప ఎక్కేచోట ఒక గాజుతొట్టి, అందులో ఐదు బంగారు చేపలు. వాటినే సాక్షి చేపలంటారు. ఏ రోజు నీళ్ళు ఆ రోజు కొంచెం తొట్టిలో పోస్తాం. నీళ్ళు చెడితే చేప కళ్ళు రెండూ పాలచుక్క పడ్డట్టు తెల్లబడతాయి. పొద్దున్నే నేను ఆ కళ్ళు చూసి, బాగుంటే "తేట" అంటాను. ఆ మాట విన్నాకే కుళాయిలు తిప్పుతారు. నా ఉద్యోగాన్ని కన్నుచూపరి అంటారు. నా పేరు కృపామణి.

నీళ్ళు పరీక్షించే మీటర్లు ఏమయ్యాయని అడిగేంత చిన్నవాళ్ళయితే ఇంటికి వెళ్ళి మీ అమ్మని అడగండి. నీళ్ళు మంచివని మీటరు మీద పచ్చదీపం వెలుగుతూనే ఉండేది, ఆ దీపం కింద నీళ్ళు పట్టుకుని తాగినవాళ్ళు పోతూనే ఉండేవారు. మా ఆయన అలాగే పోయాడు. ఆ తర్వాత తెప్పలన్నీ చేతులెత్తి చేపలకి ఓటు వేశాయి. చేపని ఎవరూ మొహమాటపెట్టలేరు కదా.

సరే, ఇవాళ ఆలస్యం ఎందుకంటే, పోలీసమ్మ ఎడమ కంటి మీద మంచు పట్టినట్టు పొర కనిపించింది. పోలీసమ్మ అంటే తల మీద టోపీ పెట్టినట్టు నల్లమచ్చ ఉన్న చేప. పేరు నేను పెట్టలేదు. ఒక కన్నే కాబట్టి కంగారు పడలేదు. పక్కచేప పొడిచినా, ఎక్కడైనా గీరుకున్నా ఒక కన్ను మసకబారుతుంది. రెండూ పోతేనే నీళ్ళ మీద అనుమానం.

పెద్దిరాజు మాత్రం పసిగట్టాడు. తొట్టి తోమేది అతనే. ఎవరూ చెప్పకుండా తనే నెత్తిన వేసుకున్నాడు.

"ఏటక్కా, ఇయ్యాళ ఆలీసమైంది?"

"కళ్ళజోడు మసకబారిందిరా."

"నీ కళ్ళజోడా, దాని కన్నా?"

"వెళ్ళి బిందె పట్టుకో" అన్నాను. నవ్వలేదు. గుడ్డ తీసుకుని మళ్ళీ తొట్టి దగ్గరికే పోయాడు.

అతన్ని తప్పుపట్టలేను. అతనిది నాలుగో తెప్ప. కిందటేడు అక్కడ చేపలన్నిటికీ కళ్ళు తెల్లబడి, కుళాయికి సీలు పడి, ఆఫీసువాళ్ళు మోకులు విప్పి తెప్పని లాగేసుకుపోయారు. నీళ్ళు లేని తెప్ప మీద మనుషులు ఉండకూడదు కదా. ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడికి మనుషుల్ని పంచేశారు. పెద్దిరాజు మా దగ్గరికి వచ్చాడు. పెళ్ళాం మరిడమ్మా, కూతురు పావనీ పందొమ్మిదో తెప్పకి పోయారు. పడవలో అటూ ఇటూ తిప్పుతుండగానే అతని తల్లి ప్రాణం పోయింది. వచ్చే పున్నమికి మరిడమ్మకీ పిల్లకీ మా తెప్పలో గది ఇస్తామని ఎట్టకేలకు ఆఫీసు ఒప్పుకుంది. అప్పటిదాకా మా కుళాయి తేటగా ఉండాలని ఈమధ్య తొట్టి మరీ ఎక్కువగా తోముతున్నాడు. మా కుళాయికి కూడా సీలు పడిందంటే గదీ లేదు, తెప్పా లేదు.

బుధవారం

పోలీసమ్మ రెండో కన్ను కూడా పోయింది.

మిగతావాటికి ఇంకా బాగానే ఉన్నాయి కాబట్టి "తేట" అన్నాను. ఒక్క చేపకి ఒక్క కన్ను తేటగా ఉన్నా అనొచ్చని నియమం.

తెప్ప పెద్ద భూషణంగారు వచ్చారు. ఇస్త్రీ చొక్కా, చేతిలో గొడుగు. తెప్పలన్నిటిలోకీ శుభ్రమైన తొట్టికి ఆఫీసు ఏటా ఒక జెండా ఇస్తుంది. రెండేళ్ళుగా అది మా తెప్పకే వస్తోంది. ఆయనకి చేపలకంటే ఆ జెండా అంటే ప్రాణం.

"కృపామణిగారూ, తొట్టి శుభ్రం సరిపోవట్లేదు. పూర్తిగా కడిగించండి. స్పాంజీ, రాళ్ళూ అన్నీ."

"మొన్ననే కడిగామండి."

"మళ్ళీ కడగండి. పాచి అన్నది కంటికి కనబడకూడదు."

ఆయన మాట ముగించేలోపే పెద్దిరాజు లుంగీ ఎగ్గట్టాడు. నీళ్ళు వడకట్టే స్పాంజి తీసి కుళాయి కింద పిండి పిండి కొత్తదానిలా చేశాడు. రాళ్ళు ఎండలో ఆరబెట్టాడు. గాజుని ఉప్పుతో, బూడిదతో, ఆఖరికి వేలి గోళ్ళతో రుద్దాడు. ఆ గాజు ఉందో లేదో తెలియనంత మెరిసింది. చూసేవాళ్ళంతా మెచ్చుకున్నారు. నేనూ మెచ్చుకున్నాను.

రోగం వచ్చిన చేపని శుక్రవారం పడవలో డబ్బాలో పెట్టి ఆఫీసుకి పంపాలి. అప్పటిదాకా దాన్ని ఎక్కడ ఉంచను? ఇంటి వెనక, డ్రమ్ముని సగానికి కోసి చేసుకున్న గాబు ఒకటి ఉంది. తూటికూర వేసుకుంటాను అందులో. కిందటి వానాకాలం నా మోకాళ్ళు మొరాయించిన దగ్గర్నుంచి దాన్ని కడిగిన పాపాన పోలేదు. గోడలకి వేలెడు మందాన పాచి, తూటివేళ్ళకి బంక. ఎవరైనా చూస్తే కన్నుచూపరి ఇల్లు ఇదా అని నవ్వుతారు. కానీ ఇంకో గిన్నె లేదు, ఇంకొకటి తెచ్చే ఓపిక అంతకంటే లేదు. అందులోనే వదిలాను. చిటికెడు కల్లుప్పు వేసి, బతికితే బతుకు తల్లీ అన్నాను.

గురువారం

ఇంకో రెండిటికి పొరలు. అంత తోమాక కూడా.

నాకు తెలిసిన వైద్యమంతా చేశాను. కల్లుప్పు కొలిచి కరిగించి పోశాను. నీలిమందు చుక్కలు వేశాను. మేత తగ్గించాను. ఉడికిన బఠాణీ తొక్క తీసి, నలిపి, వేలి కొసన పెట్టి ఒక్కొక్కదానికి తినిపించాను. మసక కన్ను చేపకి మేత కనబడదు, వాసన చూసుకుంటూ వచ్చి వేలిని గుద్దుతుంది. నడుం వంగిపోయింది. ఇంటికి వచ్చి అన్నం వండుకోవడానికి బద్ధకమేసి అటుకులు నానబెట్టుకుని తిన్నాను.

బిందెల దగ్గర మాటలు మొదలయ్యాయి. రోజూ గొణిగే రత్తమ్మ ఇవాళ అందరికీ వినపడేట్టే అంది.

"నాలుగో తెప్పోళ్ళు కాలెట్టిన చోటల్లా ఇంతేనమ్మా. పందొమ్మిదిలోనూ మొదలైందంట, అక్కడా ఆళ్ళే ఉన్నారు గదా."

"నోరు మూసుకుని నీళ్ళు పట్టుకో రత్తమ్మా" అన్నాను.

"నేనేదో నా కడుపులోంచి పుట్టించినట్టు అంటారేంటి? అంతా అనుకుంటున్నదే."

పెద్దిరాజు అక్కడే ఉన్నాడు. సాయంత్రం చూస్తే మళ్ళీ స్పాంజి పిండుతున్నాడు.

శుక్రవారం

గాలి ఎక్కువగా ఉందని పడవ రాలేదు. సరే, పోలీసమ్మ ఎలాగూ చచ్చి ఉంటుంది, తీసి పారేద్దామని గాబు దగ్గరికి వెళ్ళాను. తూటివేళ్ళ మధ్య నుంచి టోపీ తల బయటికొచ్చి నా వేలిని గుద్దింది. బయటికి తీసి చూస్తే కుడి కంటి పొర పల్చబడి ఉంది. లోపల నల్లగుడ్డు కనిపిస్తోంది.

కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను. నిజమే.

గాబు గట్టు మీదే కూలబడ్డాను. గాబులో పోసేదీ ఆ కుళాయి నీళ్ళే, తొట్టిలో పోసేదీ ఆ కుళాయి నీళ్ళే. నీళ్ళు చెడ్డవైతే ఇక్కడ ఎందుకు నయమవుతుంది? ఉప్పు తొట్టిలోనూ వేశాను. నీలిమందు ఇక్కడ వెయ్యనే లేదు. తేడా ఒక్కటే. ఇది మురికి గాబు, అది అద్దంలాంటి తొట్టి.

వెళ్ళి తొట్టి నీళ్ళు దోసిట్లోకి తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ముక్కుపుటాలు మండాయి. తెల్లారినా ఉతకని పసిపిల్లల పక్కబట్టల వాసన. కుళాయి నీళ్ళకి ఆ వాసన లేదు, గాబుకీ లేదు.

అయినా తొందరపడదలచుకోలేదు. రెండు కళ్ళూ పోయిన ఇంకో చేపని తీసుకెళ్ళి గాబులో వేశాను. చూద్దాం.

ఆదివారం

రెండోదానికీ పొర విచ్చుకుంటోంది. తొట్టిలో మిగిలిన మూడిటికి మాత్రం ఒక్క కన్నే మిగిలింది, అంటే మూడు చేపల మీదా కలిపి ఒక్కటి. ఆ ఒక్క కన్ను పట్టుకుని "తేట" అన్నాను. జనం అనుమానంగానే కుళాయి తిప్పారు. చాలామంది కాచి తాగుతున్నారు.

నాకు అర్థమైంది ఇది. ఆ పాచిలో, ఆ స్పాంజి బంకలో కంటికి ఆనని జీవాలేవో ఉన్నాయి. చేప వదిలిన మురికిని అవి తినేస్తాయి. మనం స్పాంజి పిండినప్పుడల్లా వాటిని పిండి పారబోస్తున్నాం. అవి లేకపోతే చేప తన ఉచ్చలో తనే నాని కళ్ళు పోగొట్టుకుంటుంది. కళ్ళు తెల్లబడ్డాయని మనం ఇంకా ఎక్కువ తోముతున్నాం. గొట్టానికి ఏ రోగమూ లేదు.

భూషణంగారికి చెప్పడానికి వెళ్ళాను. ఆయన ఈ ఏటి జెండా మడత పెట్టుకుంటున్నారు.

"పాచి పట్టిన తొట్టి ముందు నిలబడి తేట అంటారా మీరు? రేపు సోమవారం కాక ఆపై సోమవారం పరీక్షాధికారి వస్తున్నారు, గుర్తుందా?"

"పాచి లేకపోతే అప్పటికి చేపలే ఉండవండి."

"ఇన్నేళ్ళ నుంచి శుభ్రం శుభ్రం అని జనానికి నూరిపోశాను. ఇప్పుడు నా నోటితో మురికిగా ఉంచండి అని ఎలా చెప్పనండీ?"

"మీరు చెప్పక్కర్లేదు. అడ్డం రాకండి చాలు. తొట్టి మీద చెయ్యి వేసే హక్కు కన్నుచూపరిది."

ఆయన గొడుగు చప్పుడు చేస్తూ తెరిచి వెళ్ళిపోయారు. ఇంట్లో ఉండి గొడుగెందుకో.

గాబులోని తూటివేళ్ళు కొన్ని కోసి, కొత్త స్పాంజిని ఆ బంకలో బాగా పొర్లించి, తొట్టిలో పెట్టాను. పెద్దిరాజుతో మాత్రం, "చేపలు బెదురుతున్నాయిరా, కొన్నాళ్ళు తోమకు" అన్నాను. అసలు సంగతి చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో నాకూ సరిగ్గా తెలియదు. నోరు రాలేదంతే.

సోమవారం

పొద్దున వెళ్ళేసరికి తొట్టి తళతళలాడుతోంది. తూటివేళ్ళు లేవు. స్పాంజి తెల్లగా ఉంది.

ఒళ్ళు మండిపోయింది. పెద్దిరాజుని పిలిచి తిట్టాల్సినవన్నీ తిట్టాను. తోమకురా అంటే చెవిలో వేసుకోవా, నీకు బుద్ధుందా, ఆ చేపల్ని చంపేదాకా నిద్రపోవా అన్నాను. తల దించుకుని విన్నాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు.

"నీకేం తెలుసక్కా. ఓ తెప్ప పోగొట్టుకున్నోణ్ణి. ఆ మురికి చూత్తే నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. మా తొట్టి ఎలాగుండేదో తెల్సా? ఈ జెండా మా తెప్పకే రావాల్సింది. నేనూ మరిడీ రెండుపూటలా తోమేవోళ్ళం. కళ్ళు తెల్లబడతం మొదలెట్టాక మూడుపూటలా తోమేం. అయినా ఆగలేదు."

నిన్న నాకు నోరు ఎందుకు రాలేదో అప్పుడు తెలిసింది.

అతను ఇంకా చెప్తూనే ఉన్నాడు. "పందొమ్మిదిలో తొట్టి ఇప్పుడు మరిడే సూత్తంది. మొన్న కబురెట్టేను. మూడుపూటలా చాలదు, ఇంకా గట్టిగా తోమమని. మావోళ్ళు ఏ తెప్పలో ఉన్నా ఆ పనే చేత్తన్నారక్కా. ఈ రత్తమ్మలాంటోళ్ళ నోళ్ళు మూతపడాల."

"పోరా, పోయి టిఫిను తిను" అన్నాను.

రోజంతా తొట్టి ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాను, కొత్త పాచి పెట్టి, ఎవరినీ రానివ్వకుండా. కుక్కలా కాపలా. నడుం పట్టేసింది. మనసంతా ఒకటే గోల. చెప్పకుండా ఉందామా అంటే ఇక్కడ నేను కాపలా కాయగలను, పందొమ్మిదిలో ఎవరు కాస్తారు? మిగతా తెప్పల్లో ఎవరు కాస్తారు? చెబుదామా అంటే, మీ తెప్ప మీ చేతుల్తోనే పోయిందని ఆ మనిషి మొహం మీద ఎలా చెప్పను?

దేవుడా, నాకీ ఉద్యోగం ఎందుకిచ్చావు అనుకున్నాను. నీకు మొక్కుకున్నది కుట్టుమిషను కోసం కదా.

మంగళవారం

చెప్పాను.

మధ్యాహ్నం అన్నానికి పిలిచాను. పప్పూ, తూటికూర వేపుడూ. తిన్నాక గాబు దగ్గరికి తీసుకెళ్ళాను. పోలీసమ్మని దోసిట్లోకి తీసుకుని చూపించాను. కుడి కన్ను పూర్తిగా బాగైంది. ఎడమది ఇక రాదనుకుంటా.

"బాగైపోయిందే!" అన్నాడు. మొహం ఇంత చేసుకున్నాడు. "ఏం మందేశావక్కా?"

"ఏం వెయ్యలేదు. మురికిలో పెట్టాను."

చేత్తో గాబు గోడ తడిమాడు. వేళ్ళకి పాచి అంటింది. "ఇందులో ఏ నీళ్ళు?"

"మన కుళాయివే."

అప్పుడు ఒక్కొక్క మాటా చెప్పాను. పాచి సంగతి, స్పాంజి సంగతి, తొట్టి నీళ్ళ మంట సంగతి. చెప్తూ అతని మొహం చూడలేక తూటాకులు గిల్లుతూ కూర్చున్నాను. చెప్పడం అయిపోయింది. కింద ఉప్పునీళ్ళు తెప్ప దూలాలకి కొట్టుకుంటున్న చప్పుడు వినపడుతోంది.

"అంటే అక్కా... మా నాలుగో తెప్ప నీళ్ళు మంచియ్యేనా?"

అబద్ధం చెప్పాలనిపించింది. నిజంగా అనిపించింది. "నేను చూడలేదు కదరా, ఖాయంగా చెప్పలేను. కానీ మంచివే అయ్యుంటాయి."

"మరి తెప్పెందుకు ఇప్పేరు?"

మళ్ళీ ఒక తూటాకు గిల్లాను.

"మేం తోమినందుకా?"

"మీకు తోమమనే కదరా అందరూ చెప్పింది. నాకూ అదే నేర్పారు. నేను కూడా నువ్వు తోముతుంటే మెచ్చుకున్నాను."

అది విన్నాడో లేదో తెలియదు. అరచేతులు తిప్పి చూసుకుంటున్నాడు. ఉప్పూ బూడిదా తిని అవి పగిలి ఉన్నాయి. "మాయమ్మ పడవెక్కనంది. ఈ నీళ్ళు నాకు బాగానే ఉన్నాయిరా, నన్నిక్కడే ఉండనియ్యండి అంది. నేనే ఎత్తుకుని ఎక్కించేను."

నాకు ఏడుపు ఆగలేదు. అతనికి రాలేదు. లేచి, గాబులో చేతులు కడుక్కోబోయి ఆగి, చేతులు లుంగీకి తుడుచుకుని వెళ్ళిపోయాడు.

గురువారం

రెండు రోజులుగా పెద్దిరాజు నాతో మాట్లాడటం లేదు. కానీ తొట్టి ముందు స్టూలు మీద ఇప్పుడు అతనే కూర్చుంటున్నాడు. నేను చెప్పినట్టు రోజుకో బిందె నీళ్ళు తోడి, ఓ బిందె కొత్తవి పోస్తున్నాడు. గోడలు ముట్టుకోవడం లేదు. నిన్న భూషణంగారు మనసాగక చేతిరుమాలు తీసి గాజు మీద ఒక మచ్చ తుడవబోయారట.

"చెయ్యి తియ్యండి" అన్నాడట పెద్దిరాజు.

"ఏమిటయ్యా, నాతోనా?"

"చెయ్యి తియ్యండి బాబూ. మీకు దండం పెడతాను."

ఆయన తీసేశారట. రత్తమ్మ చెప్పింది. చెప్తూ చెప్తూ, "పాపం ఆ మనిషి మొహం చూళ్ళేకపోతున్నానమ్మా" అని కూడా అంది. ఆ నోటి నుంచి ఇంతమాట వచ్చింది, పోన్లే.

గాజు లోపలివైపు పచ్చటి పొర కడుతోంది. స్పాంజి గోధుమరంగుకి తిరిగింది. నీళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుంటే మంట లేదు. పోయిన కళ్ళు ఇంకా బాగవలేదు, మిగిలిన ఆ ఒక్క కన్ను పట్టుకునే రోజూ "తేట" అంటున్నాను. నా కళ్ళే ముందు పోయేట్టున్నాయి.

సోమవారం

పరీక్షాధికారి వచ్చారు. ఇందుమతిగారని, నిక్కచ్చి మనిషి. పడవ దిగుతూనే తొట్టి దగ్గరికి వెళ్ళారు. తెప్ప తెప్పంతా వెనకే నిలబడింది. సీలు వేసే సీసం ఆవిడ వెంట వచ్చిన మనిషి చేతిలో ఉంది.

"ఇదేంటి, జెండా తెప్ప తొట్టి ఇలా ఉంది?" అన్నారు.

భూషణంగారు నేల చూపులు చూశారు. నేను నోరు తెరిచాను. అంతలో పెద్దిరాజు స్టూలు మీంచి లేచాడు. వారం తర్వాత అతని గొంతు విన్నాను.

"నేను నాలుగో తెప్పోణ్ణండి. అక్కడ తొట్టి తోమింది నేనూ నా పెళ్ళామూనండి. తోమి తోమి చేపల కళ్ళు పోగొట్టింది మేమేనండి. నీళ్ళు పాడవలేదు. ఈ తొట్టీ నేనే పాడుచేసేను, కృపక్క బాగుచేసింది. కళ్ళు చూడండి."

ఆవిడ అతని వంక చూసి, నా వంక చూశారు. నేను గాబు సంగతీ, రెండు చేపల సంగతీ చెప్పాను. గాబులో నయమైన పోలీసమ్మనీ రెండోదాన్నీ నిన్ననే తొట్టిలోకి మార్చాను. ఆవిడ వంగి ఒక్కొక్క చేపనీ చూశారు. పోలీసమ్మ కుడి కన్ను తేట. రెండోదానికి రెండూ తేట. మిగిలిన మూడిటిలో ఒకదానికి రెండు కళ్ళూ బాగైపోయాయి. ఒకదానికి ఒక కన్ను. మూడోది గుడ్డిదే, ఎప్పటికీ గుడ్డిదే.

"నాలుగో తెప్ప నేను చూసింది కాదు" అన్నారు ఆవిడ చివరికి. "మా ముందాయన చూశారు." ఆ మాట ఎవరికి చెప్పారో తెలియదు. "తొట్టి గురించి నియమాల్లో ఏమీ లేదు. కన్ను చూడమనే ఉంది. కన్ను తేట."

జనం ఒక్కసారి ఊపిరి వదిలారు. రత్తమ్మ పెద్దగా ఏడ్చేసింది. భూషణంగారు జేబులోంచి రుమాలు తీసి ఈసారి తన మొహమే తుడుచుకున్నారు. సీసం పట్టుకున్న మనిషి దాన్ని సంచిలో వేసుకున్నాడు. పున్నమికి మరిడమ్మకి గది ఖాయం.

పెద్దిరాజు మాత్రం నవ్వలేదు. "తరవాత ఎక్కడికండి?" అని అడిగాడు ఆవిణ్ణి.

ఆవిడ కాస్త తటపటాయించారు. "రేపు పొద్దున పందొమ్మిదికి. అక్కడ అన్నీ తెల్లబడ్డాయని కబురొచ్చింది."

"నన్ను కూడా మీ పడవలో తీసుకుపోండి. సీలు వేసేముందు కొన్నాళ్ళు గడువియ్యండి. ఆ తొట్టి ముందు నేను కూకుంటాను."

"ఇవ్వలేను" అనలేదు ఆవిడ. "తెల్లారేసరికి రేవులో ఉండండి" అన్నారు.

మంగళవారం

తెల్లారకుండానే వచ్చి తలుపు కొట్టాడు. స్పాంజి సగం కోసి, తూటివేళ్ళతో పాటు మట్టికుండలో పెట్టి, గాబు నీళ్ళు పోసి ఇచ్చాను. పొర్లకుండా మూతికి తడిగుడ్డ కట్టాను. ఆ కుండని రెండు చేతులతో పొట్టకి ఆనించి పట్టుకున్నాడు.

రేవు దాకా నేనూ వెళ్ళాను. దారిలో అడగలేక అడగలేక అడిగాను. "మరిడమ్మకి ఏం చెప్తావురా?"

"ముందు తోమొద్దని చెప్తా. మిగతాది అదడిగాక."

"అడుగుతుంది."

"అడుగుద్ది" అన్నాడు. "పిల్లని బయటికి పంపి చెప్తా."

పడవ ఎక్కి కూర్చుని కుండ ఒళ్ళో పెట్టుకున్నాడు. మోకు విప్పబోతుంటే ఆగమని చెయ్యి చూపించాడు.

"అక్కా, నువ్వు ఆఫీసోళ్ళకి రోజూ రాత్తావు గదా. ఓ మాట రాయి. గట్టు మీద మా నాలుగో తెప్ప గొట్టం ఇంకా అలాగే ఉంటాది. ఓసారి సీలు ఇప్పి, ఆ నీళ్ళల్లో పాచిపట్టిన గాబెట్టి, ఓ చేపనేసి చూడమను."

"ఇప్పుడేం లాభంరా? తెప్పే లేదు కదా."

"చూడమను. మాయమ్మకి చెప్పుకోవాల."

పడవ వెళ్ళిపోయింది. నేను తిరిగి వచ్చి, బిందెల వరస ముందు నిలబడి, కళ్ళు చూసి, "తేట" అని కేక వేశాను. తర్వాత ఇంటికి వచ్చి కూర్చుని, అతను చెప్పినట్టే ఇది రాశాను. ఆఫీసువారూ, చేప కావాలంటే పోలీసమ్మని పంపుతాను. ఒక కన్ను ఉంది దానికి, చాలు.